కెమెరా కంటిపాప ఎంత వెడల్పు?

దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరుగుతుంది. మూడు లాంతర్ల దగ్గరున్న చదురు గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల సాగుతాయి. వెనక సిరిమాను అనే పొడవాటి మాను, దాని కొసన పూజారి. ఊరేగింపు మొదలైనప్పుడు ఎండ ఉంటుంది. ఆఖరి చుట్టుకు వచ్చేసరికి వెలుతురు జారిపోతూ ఉంటుంది. అక్టోబరులో ఇటు సూర్యుడు ఆరు కాకముందే దిగిపోతాడు.

పండగ మర్నాడు చాలా ఇళ్ళలో ఒక సందేహం పుడుతుంది. వేలకు వేలు పోసి కొన్న కొత్త మిర్రర్‌లెస్ కెమెరాతో ఆఖరి చుట్టు తీసిన ఫొటోనూ, తమ్ముడు ఫోనుతో తీసిన ఫొటోనూ పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా ఉండదు. ఒక్కోసారి ఫోనుదే శుభ్రంగా ఉంటుంది. అదే కెమెరా పట్టుకుని తేలినీలాపురం పక్షుల దగ్గరికి వెళ్తే ఇంకో చిత్రం జరుగుతుంది. పక్కనున్నాయన చొక్కా జేబులోంచి తీసిన చిన్న కెమెరాలో కొంగ నిండుగా కనిపిస్తుంది. మన పెద్ద కెమెరాలో అది చెట్టు మీద తెల్ల చుక్క.

అలాగని కెమెరా పాడైందనీ, దుకాణంవాడు మోసం చేశాడనీ అనుకోనక్కర్లేదు. ఈ రెండు ఫలితాలకూ కారణం ఒకటే. ఆ కారణం కెమెరా పెట్టె మీదా ప్రకటనలోనూ ఎక్కడా ముద్రించి ఉండదు. కానీ కాగితం మీద ఒక్క భాగహారం చేస్తే చిక్కుతుంది. మొదటిసారి కెమెరా కొనాలనుకునేవాళ్ళు, ముఖ్యంగా చౌకలో దొరికే మిర్రర్‌లెస్‌కూ జేబులో పట్టే అల్ట్రా కాంపాక్ట్‌కూ మధ్య ఊగిసలాడేవాళ్ళు, డబ్బు కట్టకముందే ఆ లెక్క చేసుకోవాలని నా కోరిక.

అద్దం పోయింది, లెన్స్ మిగిలింది

పెళ్ళిళ్ళలో స్టూడియోవాళ్ళ భుజాన వేలాడిన పాత పెద్ద కెమెరాల లోపల ఒక అద్దం ఉండేది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురును అది పైకి మళ్ళించి, కన్ను ఆనించే కిటికీలోకి పంపేది. బటన్ నొక్కగానే టక్కున పైకి లేచి, వెలుతురును వెనకున్న సెన్సర్ మీద పడనిచ్చేది. సెన్సర్ చూస్తున్న దృశ్యాన్నే నేరుగా తెరమీద చూపగలిగే రోజు వచ్చాక అద్దంతో పని తీరిపోయింది. 2008లో పానసోనిక్ లూమిక్స్ జీ1తో ఈ దారి తెరుచుకుంది. అద్దానికి కావలసిన ఖాళీ అక్కర్లేకపోవడంతో కెమెరా పలచబడింది. కెనాన్ పాత కెమెరాల్లో లెన్స్ బిగించే అంచుకూ సెన్సర్‌కూ మధ్య 44 మి.మీ. దూరం ఉండేది, ఇప్పటి ఆర్ తరగతి కెమెరాల్లో అది 20 మి.మీ.

పలచబడింది కెమెరా ఒళ్ళే, లెన్స్ కాదు. సెన్సర్ ఎంత పెద్దదైతే దానిమీద బొమ్మను నిండా పరిచే లెన్స్ కూడా అంత పొడుగు, అంత లావు కావాలి. అందుకే మిర్రర్‌లెస్ కెమెరా ఎంత సన్నగా ఉన్నా ముందు గొట్టం పొడుచుకునే ఉంటుంది, ప్యాంటు జేబులో దూరదు.

అల్ట్రా కాంపాక్ట్ ఈ చిక్కును ఇంకో వైపునుంచి విప్పింది: సెన్సర్‌నే చిన్నది చేసేసింది. అప్పుడు లెన్స్ చిన్నదవుతుంది, మూడు నాలుగు గొట్టాలుగా ముడుచుకుని లోపలికి పోతుంది. కెనాన్ ఇక్సస్ 285 హెచ్ఎస్ బరువు 147 గ్రాములు. మిర్రర్‌లెస్ అయిన కెనాన్ ఈఓఎస్ ఆర్50కి, దాంతో ఇచ్చే 18-45 లెన్స్ (దీన్నే కిట్ లెన్స్ అంటారు) కలిపితే అర కిలో పైమాట. ఇక్సస్ సెన్సర్ వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు; ఆర్50ది 332. పన్నెండు రెట్ల తేడా. దుకాణంలో ఎవరైనా ముందు చెప్పేది ఈ పన్నెండు రెట్ల సంగతే. పెద్ద సెన్సర్, మంచి ఫొటో. అది సగం నిజం.

మదుము, మడి, నీరు

మిగతా సగం తెలియాలంటే చెరువు కింద పొలం తలుచుకోవాలి. వెలుతురు నీరైతే, లెన్స్ చెరువు మదుము, సెన్సర్ మడి, షట్టర్ వేగం మదుము ఎంతసేపు తెరిచి ఉందన్నది.

ఐదు సెంట్ల ఆకుమడి ఒకటి, అరవై సెంట్ల చెక్క ఒకటి ఉన్నాయనుకోండి. ఆకుమడిలో రెండంగుళాల లోతు నీరు నిలవడానికి చిన్న మదుము చాలు. పెద్ద చెక్కలో అదే లోతు అదే సమయంలో నిలవాలంటే పన్నెండు రెట్లు నీరు పారాలి, అంటే మదుము పెద్దది కావాలి. కెమెరాల మీద రాసే ఎఫ్ 1.8, ఎఫ్ 4.5 వంటి అంకెలు మడిలో నిలిచే లోతును మాత్రమే చెబుతాయి. అంకె తగ్గేకొద్దీ లోతు ఎక్కువ. మొత్తం ఎంత నీరు పారిందో ఆ అంకె చెప్పదు.

ఫొటో నాణ్యత మొత్తం నీటిని బట్టి ఉంటుంది. వెలుతురు ధారగా కనిపించినా నిజానికి విడివిడి రేణువులుగా, అడ్డదిడ్డంగా వచ్చి పడుతుంది. ఫొటోలో ఒక చిన్న చోట సగటున 100 రేణువులు పడాల్సి ఉంటే, ఒకసారి 90, మరోసారి 110 పడతాయి. నూటికి పది తేడా. నున్నగా ఉండాల్సిన చెంప, ఆకాశం ఆ తేడాల వల్లే ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. దీన్నే ఫొటోలు తీసేవాళ్ళు నాయిస్ అంటారు. అదే చోట 10,000 రేణువులు పడితే, హెచ్చుతగ్గులు వంద మాత్రమే, అంటే నూటికి ఒకటి. కంటికి ఆనవు. కెమెరాలో ఐఎస్ఓ అనే అంకె పెంచితే వెలుతురు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పడిన రేణువుల లెక్కను అది పెద్దది చేసి చూపిస్తుంది, అంతే. దాంతోపాటు తేడాలనూ పెద్దవి చేస్తుంది.

కాబట్టి ఒకే దృశ్యాన్ని, ఒకే వేగంతో, ఒకే చోట నిలబడి రెండు కెమెరాలతో తీస్తే, ఏ కెమెరాలోకి ఎక్కువ రేణువులు వెళ్ళాయన్నదే ప్రశ్న. అది తేల్చేది లెన్స్ ముందునుంచి చూస్తే కనిపించే రంధ్రం వెడల్పు. దాన్ని ఈ వ్యాసంలో కెమెరా కంటిపాప అందాం. సెన్సర్ పెద్దదైనా కంటిపాప చిన్నదైతే పెద్ద చెక్కకు ఆకుమడి మదుము పెట్టినట్టే.

■ మీ కెమెరా కంటిపాపను కొలవండి

లెన్స్ ముందు అంచు మీద రెండు రకాల అంకెలు ఉంటాయి. ఒకటి మిల్లీమీటర్లలో, రెండోది 1: తరవాత ఉండే ఎఫ్ అంకె. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. వచ్చేదే కంటిపాప వెడల్పు, మిల్లీమీటర్లలో. జూమ్ లెన్స్‌కు రెండు కొసల్లోనూ విడివిడిగా లెక్క వేయాలి. ఒక్క జాగ్రత్త: ప్రకటనల్లో కాంపాక్ట్ కెమెరాలకు 25-300 అని పెద్ద అంకెలు వేస్తారు. అవి పాత ఫిల్ము కెమెరాతో పోల్చి చెప్పే అంకెలు. ఇక్సస్ లెన్స్ అంచు మీదున్న అసలు అంకెలు 4.5-54. భాగహారానికి అవే వాడాలి.

వెడల్పుగా తీసే కొసన:
ఇక్సస్ 285 (4.5 మి.మీ., ఎఫ్ 3.6): 1.25 మి.మీ.
మంచి ఫోను ప్రధాన కెమెరా: సుమారు 4 మి.మీ.
ఆర్50తో వచ్చే లెన్స్ (18 మి.మీ., ఎఫ్ 4.5): 4 మి.మీ.
సోనీ ఆర్ఎక్స్100 (10.4 మి.మీ., ఎఫ్ 1.8): 5.8 మి.మీ.

దూరం లాగే కొసన:
ఆర్50తో వచ్చే లెన్స్ (45 మి.మీ., ఎఫ్ 6.3): 7.1 మి.మీ.
ఇక్సస్ 285 (54 మి.మీ., ఎఫ్ 7): 7.7 మి.మీ.
సోనీ ఆర్ఎక్స్100 ఏడో రకం (72 మి.మీ., ఎఫ్ 4.5): 16 మి.మీ.
ఆర్50కి విడిగా కొనే 55-210 లెన్స్ (210 మి.మీ., ఎఫ్ 7.1): 29.6 మి.మీ.

జూమ్ లేని 50 మి.మీ., ఎఫ్ 1.8 లెన్స్: 28 మి.మీ.

చీకట్లో మన కంటిపాప విప్పారేది సుమారు 7 మి.మీ.

ఆఖరి చుట్టులో ఏం జరిగింది

ఇప్పుడు సిరిమాను దగ్గరికి వద్దాం. పై పట్టికలో ఫోనూ, మిర్రర్‌లెస్‌తో ఉచితంగా వచ్చినట్టు అనిపించే లెన్సూ ఒకే వరసలో నిలబడ్డాయి, రెండూ 4 మి.మీ. దగ్గరే. అంటే అంత డబ్బు పోసిన కెమెరాలోకి ఫోనులోకి వెళ్ళినంత వెలుతురే వెళ్ళింది. పైగా ఫోను ఇంకో పని చేస్తుంది. బటన్ ఒక్కసారి నొక్కితే గబగబా అనేక ఫొటోలు తీసి, వాటిని ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేర్చి, సగటు తీసి ఒకే ఫొటోగా ఇస్తుంది. నాలుగైదు సార్లు పారిన నీరు ఒకే మడిలో చేరినట్టే. మిర్రర్‌లెస్ ఆ పని మామూలుగా చేయదు. ఫోను ఫొటో శుభ్రంగా ఉండడంలో వింత లేదు.

ఇక్సస్ వంటి బుల్లి కెమెరా ఇక్కడ చాలా వెనకబడుతుంది. 1.25 మి.మీ. రంధ్రంలోంచి వెళ్ళే వెలుతురు ఫోను రంధ్రంలోంచి వెళ్ళేదానిలో పదో వంతు. వెడల్పు తేడా మూడు రెట్లే కదా అనిపిస్తుంది, కానీ వైశాల్యం వెడల్పు వర్గంతో పెరుగుతుంది. రాత్రిపూట ఇంట్లో, జాతరలో, బస్టాండులో తీయడానికి ఈ తరగతి కెమెరా కొనడం నా దృష్టిలో దండగ. దాని చిన్న ఫ్లాష్ మూడు నాలుగు మీటర్ల లోపు మొహాలను వెలిగిస్తుంది. ఆ ఫ్లాష్ ఫొటోల తీరు నచ్చి కుర్రాళ్ళు మళ్ళీ వీటిని వెతుక్కుంటున్నారు, ఆ ఇష్టాన్ని కాదనలేం. కానీ సిరిమాను ఎత్తుకు ఆ ఫ్లాష్ చేరదు. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకు, నాలుగు రెట్లయితే పదహారో వంతుకు పడిపోతుంది.

సోనీ ఆర్ఎక్స్100 సంగతి వేరు. 2012లో వచ్చిన మొదటి రకం 240 గ్రాములే ఉంటుంది, జేబులో పడుతుంది. కానీ దాని సెన్సర్ ఇక్సస్ సెన్సర్‌కు నాలుగింతలు, కంటిపాప 5.8 మి.మీ. అదే దృశ్యాన్ని ఆర్50 కిట్ లెన్స్‌తో తీస్తే చేరే వెలుతురుకు ఇది రెట్టింపు చేరుస్తుంది. జేబు కెమెరా పెద్ద కెమెరా కన్నా ఎక్కువ వెలుతురు తాగుతుందంటే నమ్మబుద్ధి కాదు, కానీ లెక్క అంతే. జేబు కెమెరాలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదని చెప్పడానికి దీనికన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మరి మిర్రర్‌లెస్ గొప్పతనం ఎక్కడుంది? లెన్స్ విప్పి ఇంకోటి బిగించగలగడంలో ఉంది. జూమ్ లేని 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ బరువు 160 గ్రాములు, కెనాన్ లెన్సులన్నిటిలో చవకైనవాటిలో ఒకటి. దాని కంటిపాప 28 మి.మీ. కిట్ లెన్స్‌తో అంతే దగ్గరగా తీసినప్పటికన్నా సుమారు 15 రెట్లు వెలుతురు. కదిలేవాటిని తీసేటప్పుడు ఈ 15 రెట్లు ఏం చేస్తాయో చూడండి. రాత్రి జాతరలో తప్పెటగుళ్ళ బృందం గంతులేస్తుంటే, గుండెల మీది తప్పెట మీద పడే చెయ్యి సెకనుకు మూడు మీటర్ల వేగంతో కదులుతుందనుకుందాం. కిట్ లెన్స్‌తో సెకనులో ముప్పయ్యో వంతు సేపు తెరిచి ఉంచాల్సిన వెలుతురులో, ఆ చెయ్యి ఫొటో పూర్తయ్యేలోగా 10 సెంటీమీటర్లు జరిగిపోతుంది. ఫొటోలో చెయ్యి ఉండదు, పొగ ఉంటుంది. 50 లెన్స్‌తో అదే వెలుతురులో సెకనులో నాలుగు వందల యాభయ్యో వంతు చాలు. చెయ్యి ఏడు మిల్లీమీటర్లు కూడా జరగదు. వేళ్ళు వేళ్ళుగా కనబడతాయి.

కెమెరాల్లో చేతి వణుకును సరిచేసే ఏర్పాటు ఉంటుంది కదా అంటారు. అది మన చేతి వణుకును ఆపుతుంది, ఆడేవాళ్ళ చేతిని ఆపలేదు.

వెడల్పైన కంటిపాప ఇంకోచోట మరీ అవసరం. శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. వేసవి మొదట్లో పిల్లలు బయటికి వచ్చి, చీకట్లో ఎటు ఎక్కువ వెలుగుంటే అటు నడుస్తాయి. మనుషులు లేని తీరంలో ఆ వెలుగు సముద్రం మీదిది. ఫ్లాష్ వేసినా టార్చి కొట్టినా దారి తప్పి ఊరివైపు తిరుగుతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది. వాటిని ఫొటో తీయాలనుకుంటే తెల్లవారే మసక వెలుతురుతోనే సరిపెట్టుకోవాలి, అది చాలే లెన్స్ తెచ్చుకోవాలి. లేకపోతే చూసి ఆనందించి రావాలి. ఇందులో రాజీ లేదు.

తేలినీలాపురంలో అర సెంటీమీటరు

టెక్కలి, నౌపడ మధ్య ఉన్న తేలినీలాపురానికి సెప్టెంబరు నుంచి పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కు కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్ళు కడతాయి. మన పాత పేర్లలో పెలికాన్ గూడబాతు. ఇవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెబుతారు, పత్రికలూ రాస్తాయి. నిజానికి ఇక్కడ కనిపించే మచ్చల ముక్కు పెలికానూ, పెయింటెడ్ స్టార్కూ దక్షిణాసియాలో పుట్టి పెరిగే జాతులు. సైబీరియాలో గూళ్ళు కట్టవు. ఊరివాళ్ళు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకోవడానికి అవి అంత దూరం నుంచి రావాల్సిన అవసరం ఏమీ లేదు.

యాభై మీటర్ల దూరంలో కొమ్మ మీద మీటరు ఎత్తున్న స్టార్కు నిలబడి ఉంది. ఆర్50 కిట్ లెన్స్‌తో ఎంత దగ్గరికి లాగినా అది ఫొటో ఎత్తులో పదహారో వంతు ఉంటుంది. తెల్ల చుక్క అన్నది అందుకే. ఇక్సస్‌లో పూర్తిగా జూమ్ చేస్తే ఫొటో ఎత్తులో దాదాపు నాలుగో వంతు వస్తుంది. పక్కనున్నాయన కెమెరా గెలిచినట్టు కనిపించింది ఇక్కడే.

కనిపించడం వేరు, వివరం వేరు. వెలుతురుకు ఒక స్వభావం ఉంది. సన్న రంధ్రంలోంచి దూరినప్పుడు అది తిన్నగా పోక కాస్త పక్కలకు పరుచుకుంటుంది. రంధ్రం ఎంత సన్నమైతే పరుచుకోవడం అంత ఎక్కువ. దాంతో, చుక్కగా పడాల్సిన వెలుగు చిన్న బిళ్ళగా పడుతుంది. ఇక్సస్ పూర్తి జూమ్‌లో ఆ బిళ్ళ వెడల్పు 9 మైక్రాన్ల పైన. దాని సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ వెడల్పు 1.2 మైక్రాన్లు. ఒక్క వెలుగు చుక్క ఎనిమిది పిక్సెళ్ళ మేర పరుచుకుని కూర్చుంటుంది. పెట్టె మీద 20 మెగాపిక్సెల్ అని రాసి ఉన్నా, ఇక్కడ ఆ పిక్సెళ్ళలో చాలావాటికి చెప్పడానికి కొత్త సంగతేమీ లేదు.

పక్షి దగ్గర కొలిస్తే దీని అర్థం ఇది. 7.7 మి.మీ. కంటిపాపతో, యాభై మీటర్ల దూరంలో అర సెంటీమీటరు కన్నా దగ్గరగా ఉన్న రెండు ఈకల అంచులు కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. లెన్స్ ఎంత గొప్పగా అరగదీసినా, సెన్సర్‌లో ఎన్ని మెగాపిక్సెళ్ళు కుక్కినా ఈ గీత దాటడం కుదరదు. కిట్ లెన్స్ కంటిపాప కూడా ఇంచుమించు ఇంతే. పైగా బొమ్మ చిన్నది కావడం వల్ల పిక్సెళ్ళు చాలక, విడదీయగలిగేది ఎనిమిది మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి మంచి ఎండలో, కదలని పక్షిని తీయడంలో బుల్లి ఇక్సస్ కిట్ మిర్రర్‌లెస్‌ను నిజంగానే కొంచెం మించుతుంది.

55-210 లెన్స్ బిగించగానే కథ మారిపోతుంది. కంటిపాప దాదాపు 30 మి.మీ., బిళ్ళ నాలుగింతలు సన్నబడుతుంది. పిక్సెళ్ళ పరిమితి కూడా కలుపుకుంటే సుమారు రెండు మిల్లీమీటర్ల వివరం చిక్కుతుంది. స్టార్కు గులాబీ ఈకలు విడివిడిగా కనబడతాయి. ఇక్సస్ కన్నా 15 రెట్లు వెలుతురు కూడా లోపలికి వస్తుంది కాబట్టి పక్షి రెక్క విప్పిన క్షణం దొరుకుతుంది. 270 గ్రాముల లెన్స్ ఇంత మార్పు తెస్తుంది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానాకాలంలో వచ్చే ఓపెన్‌బిల్ కొంగల ముక్కుకు నడుమ ఉండే సందు ఫొటోలో కనబడాలన్నా ఇదే దారి.

ఒక్క విషయంలో మాత్రం ఏ లెన్సూ సాయపడదు. మధ్యాహ్నం నౌపడ ఉప్పు మళ్ళ మీదుగా చూస్తే గాలి వేడెక్కి అలలు అలలుగా ఆడుతూ ఉంటుంది. ఆ గాలిలోంచి తీస్తే లక్ష రూపాయల లెన్స్ కూడా మసకే ఇస్తుంది. ఉదయం ఏడింటికి వెళ్ళడం ఒక్కటే మందు.

వెనక మసకబారాలంటే

పెళ్ళి ఫొటోల్లో పెళ్ళికూతురు స్పష్టంగా, వెనకున్న మండపం దీపాలు గుండ్రటి మరకల్లా కనిపిస్తాయి కదా. ఆ మరకల పరిమాణాన్నీ కంటిపాపే తేలుస్తుంది. చాలా దూరాన ఉన్న దీపం, మనిషి పక్కన పెట్టి కొలిస్తే, దాదాపు కంటిపాప అంత బిళ్ళగా పరుచుకుంటుంది. 50 ఎఫ్ 1.8 లెన్స్‌తో రూపాయి నాణెం కన్నా పెద్ద బిళ్ళ. కిట్ లెన్స్ జూమ్ కొసన శనగ గింజంత. ఇక్సస్ వెడల్పు కొసన ఆవగింజంత, అంటే మసక లేనట్టే. ఫోను పోర్ట్రెయిట్ మోడ్‌లో ఆ మసకను లెక్కగట్టి గీస్తుంది, చెవి దగ్గరా జడ దగ్గరా తప్పుతుంది.

ఇదే గుణం తిరగేస్తే చిన్న కెమెరాకు మేలు. కళింగపట్నం లైట్‌హౌస్ ముందు ఇంటిల్లిపాదినీ నిలబెట్టి తీస్తే తాతగారి మొహమూ, వెనక దీపస్తంభమూ, సముద్రమూ అన్నీ స్పష్టంగా వస్తాయి. ఫోకస్ తప్పే భయం తక్కువ.

కంటిపాప చెప్పని సంగతులు

అన్నీ ఈ ఒక్క అంకెలో లేవు. బుల్లి కెమెరాల్లో చాలావరకు లెన్స్‌ను ముందుకీ వెనక్కీ జరిపి ఎక్కడ స్పష్టంగా ఉందో వెతుక్కుని ఫోకస్ చేస్తాయి, ఎగిరే పక్షి అంతసేపు ఆగదు. ఆర్50 మనుషుల కళ్ళతోపాటు పక్షులనూ గుర్తుపట్టి వెంట పడుతుంది. దానికన్నా చవకైన ఆర్100 మనుషుల దగ్గరే ఆగిపోతుంది. పక్షుల కోసం కొనేవాళ్ళు ఈ తేడా చూసుకోవాలి. రెండోది, కన్ను ఆనించి చూసే కిటికీ. బారువ బీచిలో మిట్టమధ్యాహ్నం వెనక తెర మీద ఏమీ కనబడదు. ఆర్50, ఆర్100కి ఆ కిటికీ ఉంది. నికాన్ జెడ్30కీ సోనీ జెడ్‌వీ-ఈ10కీ లేదు, అవి వీడియోలు తీసేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసినవి.

మూడోది జేబు. సిరిమాను రోజు జనంలో చెయ్యి పైకెత్తడమే కష్టం, సంచీ విప్పి లెన్స్ మార్చడం జరిగే పని కాదు. మీరు కెమెరాను రోజూ వెంట ఉంచుకునే మనిషా, ఫొటో కోసమే బయల్దేరే మనిషా అన్నది మిమ్మల్ని మీరే అడగాలి.

నా లెక్క ఇలా ఉంటుంది. రెండో లెన్స్ కొనే ఉద్దేశం గానీ స్తోమత గానీ లేకపోతే మిర్రర్‌లెస్ జోలికి పోవద్దు. కిట్ లెన్స్‌తో ఆగిపోయే మిర్రర్‌లెస్, మంచి ఫోను ఉన్నవాళ్ళకు ఇచ్చేది చాలా తక్కువ. ఏడాదిలోగా ఒక 50 లెన్సో, ఒక 55-210 లెన్సో చేర్చగలిగితే అప్పుడు దాన్ని మించింది లేదు. జేబులోదే కావాలంటే ఒక అంగుళం తరగతి సెన్సర్ ఉన్న ఆర్ఎక్స్100 లాంటివి చూడాలి. పాతవి చేతులు మారుతూ దొరుకుతాయి. చుట్టుపక్కల మనుషులనూ ఊళ్ళనూ తీయడమే ఇష్టమైనవాళ్ళకు రికో జీఆర్ మూడో రకం ఉంది: మిర్రర్‌లెస్ అంత సెన్సర్, జూమ్ లేని లెన్స్, 257 గ్రాములు. ధర మాత్రం తేలిక కాదు. ఇక్సస్ తరగతి కెమెరాను పట్టపగలు దూరంలో ఉన్నవి తీయడానికీ, ఫోను ఇవ్వని పిల్లల చేతికి ఇవ్వడానికీ తప్ప నేను సిఫారసు చేయను.

ప్రపంచమంతటా కెమెరాల వ్యాపారం కూడా ఈ లెక్క మీదే నడిచింది. 2010లో డిజిటల్ కెమెరాలు 12 కోట్లకు పైగా తయారై అమ్మకానికి వెళ్ళాయి, వాటిలో అత్యధికం జేబు కెమెరాలే. 2023 నాటికి అన్నీ కలిపి 80 లక్షలు కూడా లేవు. ఫోను కంటిపాప జేబు కెమెరా కంటిపాపను దాటిపోయాక, చిన్న సెన్సర్ కెమెరాలకు నిలబడే చోటు కరువైంది.

ఉప్పుగాలి, ఇసుక, బూజు

మన తీరంలో కెమెరాను చంపేది వాడకం కాదు, గాలి. లెన్స్ గాజు మీద చేతి మరకలూ దుమ్మూ ఉంటాయి. గాలిలో తేమ నూటికి అరవై దాటి చాలాకాలం ఉంటే వాటిని తిని బూజు పెరుగుతుంది, సాలెగూడు దారాల్లా గాజు మీద పాకుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తీరం పొడవునా ఆ తేమ ఏడాదిలో ఎక్కువ నెలలు ఉంటుంది. బూజు గాజు పైపూతను తినేశాక తుడిచినా మచ్చ పోదు. చీకటి బీరువాలో, తోలు సంచీలో దాచడం బూజుకు మేత పెట్టడమే. రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ గింజలు, పదిహేను రోజులకోసారి కెమెరా తీసి వాడడం చాలు. గింజలు రంగు మారితే వేడి చేసి మళ్ళీ వేసుకోవచ్చు.

ఇసుక విషయంలో రెండు కెమెరాలకూ రెండు రకాల గండాలు. కాంపాక్ట్‌లో లెన్స్ గొట్టాలు బయటికి వచ్చినప్పుడు సందుల్లో ఇసుక రేణువు దూరితే లోపలికి ముడుచుకోలేక మోటారు ఆగిపోతుంది. చాలా కాంపాక్ట్‌లు ఇలాగే పోతాయి, బాగు చేయించడానికి కొత్తదానికి అయ్యేంత అవుతుంది. మిర్రర్‌లెస్‌లో లెన్స్ మార్చే క్షణంలో ఇసుకా ఉప్పు తుంపరా నేరుగా సెన్సర్ మీద పడతాయి. బీచికి బయల్దేరే ముందే ఇంట్లో లెన్స్ మార్చుకుని వెళ్ళాలి. ఏసీ గదిలోంచి కెమెరాను ఒక్కసారిగా బయటి ఉక్కలోకి తెస్తే గాజు మీదా లోపలా నీరు పడుతుంది. సంచీ జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచి, తరవాత తీయాలి.

పాత కెమెరా కొనేవాళ్ళు ఇవన్నీ అమ్మేవాడి ముందే చూసుకోవచ్చు. లెన్స్‌ను ఫోను టార్చి మీద ఏటవాలుగా పట్టుకుని, అవతలి వైపునుంచి చూస్తే బూజు దారాలు వెలుగుతాయి. కాంపాక్ట్ అయితే ఇరవైసార్లు ఆన్ చేసి ఆఫ్ చేసి, గొట్టం ఎక్కడైనా తడబడుతోందా, గరగర శబ్దం ఉందా వినాలి. మిర్రర్‌లెస్ అయితే రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, ఎఫ్ 16 దగ్గర తెల్ల గోడను ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది మరకలు నల్ల చుక్కలుగా బయటపడతాయి. గాలి ఊదితే పోయేవి దుమ్ము, పోనివి ఉప్పు గానీ బూజు గానీ. ఊదినా పోని చుక్కలు ఉంటే ధర తగ్గించినా తీసుకోవద్దు.